క్వాంటమ్ గణకయంత్రపు ఆధిక్యమునకు మూలమేమి?

2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అమరావతిలో ఐ.బి.ఎం. వారి 156 క్యూబిట్ల యంత్రమును నెలకొల్పు ఏర్పాటును ప్రకటించినది. ఈ విద్యను అభ్యసింపగోరు మన కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతముల తెలుగు బిడ్డలు ముందుగా ఒక భ్రమను వీడవలెను.

ఈ యంత్రము సమాధానముల నన్నింటిని ఒక్కసారిగా పరీక్షించునని పలువు రందురు. ఇది అర్ధసత్యము. అన్నియు నొక్కస్థితిలో కలిసియుండుట నిజమే. కాని కొలిచినంతనే ఏదో యొక్కటి మాత్రమే చేతికి చిక్కును. అంతటితో ఆగినచో చీటీ తీయుటకును దీనికిని భేదము లేదు.

అసలు కారణము వేరు. సామాన్య సంభావ్యత ఎన్నడును సున్నకు దిగువకు పోదు. కావున రెండు సంభావ్యతలు పరస్పరము రద్దు కాజాలవు. క్వాంటమ్ స్థితిలో ప్రతి సమాధానమునకును గల కంపనపరిమితి ధనముగను, ఋణముగను ఉండవచ్చును. చెరువులో రెండు అలలు కలిసి ఒకచోట పొంగి, వేరొకచోట అణగినట్లు, తప్పు సమాధానములు రద్దయి, సరియైనది బలపడునట్లు లెక్కను నడపుటయే ఇందలి నేర్పు.

కోవిల్పట్టి అగ్గిపెట్టెలకు 1 నుండి 10,000 వరకు సంఖ్యలు వేసితిమనుకొందము. అందు ఒక్క సంఖ్యయే ఒకానొక నియమమునకు సరిపోవును. దానిని వెదకుటకు సామాన్య యంత్రము సగటున 5,000 మారులు పరీక్షింపవలెను. 1996లో లవ్ గ్రోవర్ ప్రకటించిన పద్ధతిచే సుమారు 80 మారులు చాలును. 1994లో పీటర్ షోర్ పెద్దసంఖ్యల కారణాంకములను కనుగొనుటలో ఇంతకన్న గొప్ప లాభమును చూపెను. అచట సంఖ్యలలో దాగిన ఆవృత్తిక్రమము తోడ్పడినది.

విరుదునగర వర్తకుని జమాఖర్చులు కూడుటకు ఈ యంత్ర మక్కరలేదు. కావున దీని పేరున రుసుము కోరువారిని మన యువకులు అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: మీ లెక్కలో తప్పులను రద్దుచేయు క్రమ మెచట నున్నది?