సూఫీతత్వం, సలఫీ భావధార

సూఫీతత్వం, సలఫీ భావధార ఇస్లాం మతంలోని రెండు ధోరణులు. సూఫీతత్వాన్ని అరబ్బీ భాషలో తసవ్వుఫ్ అంటారు. పీర్ లేదా ముర్షిద్ అనబడే గురువు మార్గదర్శకత్వంలో ఆత్మశుద్ధిని, దైవప్రేమను సాధించుట దీని లక్ష్యం. 'సలఫ్' అనగా పూర్వీకులు. ముహమ్మద్ ప్రవక్త సహచరులు, వారి తరువాతి రెండు తరాలవారు ఆచరించిన రీతిలోనే మతాన్ని పాటించాలని భావించేవారిని సలఫీలు అంటారు. ఇరువురికీ ఖురాన్, హదీసులే ప్రమాణం. వాటిని అన్వయించుటలోనే భేదం ఉన్నది.

వివాదాంశాలు

వివాదం ముఖ్యంగా ఔలియాల (సూఫీ సాధువుల) సమాధులకు సంబంధించినది. తాము ఔలియాను ఆరాధించడం లేదని, దైవానికి ప్రియమైనవాని ద్వారా అల్లాహ్‌నే వేడుకుంటున్నామని దర్గా భక్తులు చెబుతారు. దీనిని తవస్సుల్ అంటారు. మరణించినవారిని సహాయం కోరుట తౌహీద్ (ఏకేశ్వరోపాసన)కు విరుద్ధమని, అది షిర్క్ (దైవానికి సాటి కల్పించుట) అవుతుందని సలఫీ పండితుల వాదన. ఉర్సు, సందల్ ఊరేగింపు వంటివాటిని వారు బిద్అత్ (మతంలో క్రొత్తగా చేర్చిన ఆచారం)గా పరిగణిస్తారు. అయితే మరణాన్ని గుర్తు చేసుకొనుటకు, మృతుల కొరకు దుఆ చేయుటకు సమాధులను సందర్శించడాన్ని (జియారత్) సలఫీలు కూడా అంగీకరిస్తారు. అక్కడ ఎవరిని, ఏమి కోరాలన్నదే అసలు ప్రశ్న.

చరిత్ర

ఇబ్న్ తైమియా (1263-1328) సమాధుల వద్ద జరిగే ఆచారాలను తీవ్రంగా ఖండించాడు. అయినను ప్రసిద్ధ సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీని గౌరవించి, ఆయన గ్రంథమైన 'ఫుతూహ్ అల్ గైబ్'లోని కొన్ని భాగాలకు వ్యాఖ్యానం వ్రాశాడు. అరేబియాలో ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ (1703-1792) ఈ ఖండనను ఉద్యమంగా మార్చాడు. 1920వ దశకంలో సౌదీ పాలనలో మదీనాలోని జన్నతుల్ బఖీ శ్మశానవాటికలో సమాధులపై గల కట్టడాలను కూల్చివేశారు.

భారతదేశంలో సయ్యద్ అహ్మద్ బరేల్వీ (1786-1831) అనుచరులను ఆంగ్లేయులు 'వహాబీలు' అని పిలిచారు. కాని ఆయన స్వయంగా సూఫీ తరీఖాలలో దీక్ష పొందినవాడు. 1839లో ఈ ఉద్యమంతో సంబంధం ఉన్నదని నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో నిర్బంధించారు. అదే సంవత్సరం ఆయుధాలు సమకూర్చుకున్నాడన్న ఆరోపణపై కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ పదవీచ్యుతుని చేసింది.

1866లో ఏర్పడిన దేవబంద్ విద్యాలయ పండితులు తసవ్వుఫ్‌ను అంగీకరిస్తూనే ఉర్సు ఆచారాలను విమర్శించారు. సలఫీలకు సన్నిహితమైన అహలె హదీస్ వర్గం 1906లో అఖిల భారత స్థాయి సంస్థను ఏర్పరచుకున్నది. హైదరాబాదులో 1876లో జామియా నిజామియాను స్థాపించిన అన్వారుల్లా ఫారూఖీ సూఫీ సంప్రదాయానికి చెందిన పండితుడు.

పాలమూరు ప్రాంతంలో

తెలకపల్లి మండలం గల నాగర్‌కర్నూల్ జిల్లా 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఈ జిల్లాలోని అచ్చంపేట సమీపాన రంగాపూర్‌లో నిరంజన్ షావలీ దర్గా కలదు. ఇక్కడి ఉర్సుకు హిందువులు, ముస్లింలు వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ కూడా ఇట్లే ఊరందరిదీ. సలఫీ బోధనను స్వీకరించిన కుటుంబానికి ఇటువంటి వేడుకలకు వెళ్ళుట విశ్వాస సమస్య అవుతుంది. పొరుగువారికి అది తరతరాల మొక్కు. అందుచేత ఈ చర్చ పండితులకే పరిమితం కాక, బంధుత్వాలను, ఇరుగుపొరుగు సంబంధాలను కూడా తాకుతుంది.

అపోహలు

సలఫీలందరూ హింసావాదులని, సూఫీలందరూ సమాధులను పూజిస్తారని అనుకొనుట సరికాదు. సలఫీలలో అధికులు బోధనకే పరిమితమైనవారు. సూఫీలలోనూ షరియత్‌ను కచ్చితంగా పాటిస్తూ, దర్గాల వద్ద జరిగే అతిశయాలను విమర్శించినవారు ఉన్నారు.