తొందరపడిన నీరు

మారేడుమిల్లి నుండి చింతూరునకు దిగు ఘాటురోడ్డుమీద, జోరున కురిసిన వాన వెలిసిన పిమ్మట, ఒక మలుపు కడ బండి దిగి, గుట్టను చెక్కి బాట తీసినచోట బయల్పడిన ఎఱ్ఱమట్టి కట్టను వంగి చూచితిని. దాని పాదమున గులకరాళ్లు కొన్ని, ఒక్కొక్కటి అంగుళమెత్తు మట్టికంబముపై, గొడుగులవలె నిలిచియున్నవి. రాయి కప్పినచోట మట్టి మిగిలినది; కప్పులేని చుట్టుపట్ల మట్టిని చినుకులే చిమ్మివేసినవి. పెద్ద చినుకు సెకండునకు సుమారు 9 మీటర్ల వేగముతో నేలను తాకునని చదివినప్పటికంటె ఆ కంబములను చూచినప్పుడే దాని దెబ్బ యెట్టిదో నాకు బోధపడినది.

అడవిలో ఆ చినుకునకు ఆకులు, కొమ్మలు, రాలుటాకుల పరుపు అడ్డుపడును. వేళ్లు గుల్లచేసిన నేల త్రాగగలిగినంత త్రాగి, మిగిలినదానిని మెల్లగా వాగునకు విడుచును. తారురోడ్డునకు ఆ దాహము లేదు. 7 మీటర్ల వెడల్పు గల రోడ్డుమీద, కిలోమీటరు పొడవున, ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో 70,000 లీటర్ల నీరగును. అందులో అధికభాగము ప్రక్కకాలువ పాలగును. కొండను కోయుటచే లోపల పాఱు ఊటనీరు సైతము బయటపడి అందే కలియును.

నీరు పోగగుటకంటె తొందరపడుటయే ఎక్కువ కీడు. ప్రవాహవేగము రెట్టింపయినచో అది దొర్లింపగల రాతి బరువు రెండింతలో నాలుగింతలో గాక 64 ఇంతలగునని 19వ శతాబ్దమున విలియం హాప్కిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గణించెను. ఆదర్శస్థితికి వేసిన లెక్కయే యైనను, ప్రక్కకాలువ నీటిని రోడ్డు క్రిందుగా దాటించు తూము దిగువ నోట, నీరు దుమికినచోట, నిలువెత్తు గోయి పడుట కిదియే కారణము. ఆ గోయి ఏటేట కొండవాలు మీదుగా పైకి ప్రాకి, తుదకు తూమునే కూలద్రోయును.

చింతూరు చెంత శబరి, కూనవరము కడ గోదావరి. కొండమట్టి దారి అదియే. తొలకరి పిమ్మట గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చుట అనాదిగా ఉన్నదే, ఆ ఒండ్రే డెల్టాను కట్టినది గదా యని యెవరైన ననవచ్చును. నిజమే. కాని మహానది భరించు మట్టిని మోకాటిలోతు కొండవాగు భరింపజాలదు. అడుగున గులకల సందులలో చేపలు పెట్టిన గ్రుడ్లు సన్నని బురదక్రింద ఊపిరాడక నశించును. రోడ్డుమీది నూనెజిడ్డు, టైర్ల పొడి ఆ బురద నంటుకొని దిగును.

మందు కొత్తది కాదు. కోతకు ఎగువన కొండనీటిని ప్రక్కకు మళ్లించు కాలువయొకటి, దూరదూరముగా ఒక పెద్ద తూమునకు మాఱుగా దగ్గఱదగ్గఱగా అనేక చిన్నతూములు, ప్రతి తూము నోటికి రాతిపరుపు, ఇవన్నియు ఇంజనీర్లకు తెలిసినవే. తెలిసియు, కొండ త్రవ్వగా వచ్చిన మట్టిని లోయలోనికే త్రోయుట చాలచోట్ల నేటికిని మానలేదు. ఎంత రాయి పఱచినను ఆ వదులుమట్టి మొదటి వానకే వాగు చేరును.

నాకు మిక్కిలి యిష్టమైన సాధనము వట్టివేరు. వేసవిలో తడికెలకు కట్టు ఆ పరిమళపు వేళ్లు ప్రక్కలకు ప్రాకక నిట్టనిలువుగా దిగి, అనుకూలమైన నేలలో 3 మీటర్ల వఱకు పోవును. సమమట్టముగా వరుస తీర్చి నాటినచో, బిగుతైన దుబ్బులు నీటిని ఆపవు, వడగట్టును. వెనుక నిలిచిన మట్టి ఏటికేడు మెట్టుగా పేరుకొనును.

ఆ మలుపునకు దిగువ, తూము నోట రాళ్లు పఱచినచోట, ఆనాడు నీరు నురుగులు గ్రక్కుచు దుమికి, రాళ్ల నడుమ నలుదెసల చీలి, పది బారలు పోవునప్పటికి గడ్డిలో ఎక్కడ ఇంకినదో కానరాలేదు.