పెళ్ళిమాటల్లో అడగవలసిన ప్రశ్న

పెబ్బేరు సంతలో ఎద్దును కొనే రైతు తొందరపడడు. పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, సుడులు చూస్తాడు, అమ్మేవాణ్ణి పదిసార్లు ప్రశ్నిస్తాడు. కూతురి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామంది ఇల్లు, ఉద్యోగం, ఖాందాన్ గురించి అడిగి ఊరుకుంటాము. అబ్బాయికి సిగరెట్టు అలవాటు ఉన్నదా అని అడగడానికి మాత్రం మొహమాటపడతాము. ఎవరైనా అడిగినా, మగపిల్లవాడు కదా, నికాహ్ అయితే అతనే మానేస్తాడని పెద్దలు మాట దాటవేస్తారు.

ఈనాటి మన అమ్మాయిలు ఈ సమాధానంతో తృప్తి చెందడం లేదు. పొగ తాగే వరుడు తమకు వద్దని ఇంట్లో మెల్లగానైనా చెబుతున్నారు. దీనిని గొంతెమ్మ కోరికగా కొట్టివేయడం న్యాయం కాదు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పురుషులలో నూటికి 19 మంది, స్త్రీలలో కేవలం ఇద్దరు పొగ తాగుతున్నారు. అంటే ఇంట్లో పొగ వదిలేది ఎక్కువగా భర్త, పీల్చేది భార్యాబిడ్డలు. జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త పొగ తాగని 91 వేలకు పైగా గృహిణులను పద్నాలుగేళ్ళపాటు పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువగా పొగ తాగితే, భార్యకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అంత పెరిగినట్లు తేలింది. గర్భిణి ఆ పొగను పీల్చితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదమూ ఉన్నది.

మరి పెళ్ళిమాటల్లో ఎదుటివారి లోపం అడగడం, చెప్పడం తగునా? హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం దీనికి జవాబు. ఇద్దరు వ్యక్తులు తనను వివాహమాడగోరుతున్నారని ఆమె దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఆయన (స) ఇద్దరి విషయం దాచకుండా చెప్పారు. ఒకరు భుజం మీది కర్ర దించని మనిషి, మరొకరు ఆస్తిపాస్తులు లేనివారు. ఉసామా బిన్ జైద్ (రజి)ని వివాహమాడమని సలహా ఇచ్చారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ ఉదంతం ఆధారంగానే, సలహా అడిగినవారికి నిజం చెప్పడం పరోక్ష నింద కాదని, అది అమానత్ అని ధర్మవేత్తలు వివరించారు. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి చేసిన నికాహ్ గురించి హజ్రత్ ఖన్సా (రజి) ఫిర్యాదు చేస్తే దైవప్రవక్త (స) దానిని రద్దు చేశారు. అమ్మాయి అంగీకారానికి ఇస్లాం ఇచ్చిన విలువ అది. నిజం దాచి పొందిన అంగీకారం అంగీకారమెలా అవుతుంది?

పొగ తాగడం హరామ్ అని కొందరు ఉలమా, మక్రూహ్ అని మరికొందరు అన్నారు. మంచిదని మాత్రం ఎవరూ అనలేదు. అలాగని పొగ తాగే ప్రతి యువకుడూ చెడ్డవాడు కాడు. నికోటిన్ పట్టు బలమైనది. మానాలనుకునీ మానలేనివారు ఎందరో ఉన్నారు. కనుక వలీగా ఉన్న తండ్రి, అన్న ఈ ప్రశ్నను మర్యాదగా, ముందుగానే అడగాలి. అబ్బాయి నిజం చెప్పాలి. మానేస్తానంటే ఆ ప్రయత్నం నికాహ్‌కు ముందే మొదలు కావాలి. 1800-11-2356 అనే జాతీయ ఉచిత ఫోన్ సహాయం ఇందుకోసమే ఉన్నది. రమజానులో ఉపవాసంతో పగలంతా పొగకు దూరంగా ఉండగలిగినవాడికి, ఇఫ్తార్ తర్వాత కూడా దూరంగా ఉండటానికి అదే మంచి ఆరంభం.

ఇప్పటికే పొగ తాగే భర్తతో కాపురం చేస్తున్న సోదరీమణులు నిరాశపడనవసరం లేదు. దెప్పిపొడుపు కన్నా దుఆ, ఓర్పు, ఇంట్లో పొగ వద్దన్న స్థిరమైన మాట ఎక్కువ పనిచేస్తాయి.

మహర్ ఎంతో అడగడానికి సిగ్గుపడని మనం, మన బిడ్డ రేపు పీల్చబోయే గాలి గురించి అడగడానికి సిగ్గుపడవద్దు.