కిరాయి సైన్యాలు - నాడు, నేడు

ప్రతి ఏటా కార్తీక మాసంలో కారంపూడిలో పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజుల తిరునాళ్ల అది. వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకొని ఆచారవంతులు ఊరూరి నుంచి తరలివస్తారు. మన దాచేపల్లి పక్కన పారే నాగులేరే అక్కడి యుద్ధభూమి పక్కన కూడా పారుతుంది. మన హాస్టల్ పిల్లల్లో ఆ తిరునాళ్లకు వెళ్లనివాళ్లు తక్కువే.

12వ శతాబ్దంలో జరిగిన ఆ పల్నాటి యుద్ధం అన్నదమ్ముల రాజ్యపు తగాదా. నలగామరాజు ఒకవైపు, మలిదేవుడు మరొకవైపు. కోడిపందెంలో ఓడినవాళ్లు అరణ్యవాసం పోవడం, రాయబారం చెడిపోవడం, చివరికి రెండు పక్షాలూ నాశనం కావడం మనందరికీ తెలిసిన కథే. ఆ కథలో మనం ముఖ్యంగా గుర్తుంచుకునే మనిషి మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు ఆయనను కొడుకుగా చూసుకున్నాడు, సేనానిని చేశాడు. అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. ఆ సేన కలిసి తిన్నది, కలిసి పోరాడింది. ఆ యుద్ధం అవసరమా కాదా అని మనం ఈనాడు వాదించుకోవచ్చు. కాని ఆ వీరులు ఎవరి కోసం కత్తి పట్టారో వాళ్లకు తెలుసు. వాళ్ల పేర్లు ఇప్పటికీ మన నోట ఉన్నాయి.

ఇంకో రకం సైనికుడు ఉన్నాడు. అతడికి తగాదా ఎవరిదో అక్కర్లేదు. డబ్బు ఇచ్చినవాడి పక్షాన పోరాడతాడు. అతడే కిరాయి సైనికుడు. అతడి గురించి మనం ఎందుకు తెలుసుకోవాలో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

రాజులు సైన్యాన్ని ఎందుకు కిరాయికి తెచ్చుకుంటారు?

మన మిరప కోతలనే చూడండి. పంట చేతికి వచ్చే రోజుల్లో రైతుకు ఒక్కసారిగా మనుషులు కావాలి. మేస్త్రీకి కబురు పెడితే ముఠా దిగుతుంది. కోత అయిపోతే లెక్క తీసుకొని వెళ్లిపోతుంది. ఏడాది పొడవునా వాళ్లను పోషించే పని రైతుకు లేదు. కిరాయి సైన్యం వెనుక లెక్క కూడా ఇదే. త్వరగా దొరుకుతుంది, పని తెలిసి ఉంటుంది, అవసరం తీరాక పంపించేయవచ్చు. మరో లాభం కూడా ఉంది. సొంత ఊరి బిడ్డ చనిపోతే ఊరు అడుగుతుంది. కిరాయివాడు చనిపోతే అడిగేవాళ్లు ఉండరు.

ఇక చిక్కు. కూలి ఇవ్వకపోతే ముఠా చేలోంచి లేచిపోతుంది. కిరాయి సైన్యమూ అంతే. ముఠా లేచిపోతే పంట ఆలస్యమవుతుంది. సైన్యం లేచిపోతే రాజ్యం పోతుంది.

మన గడ్డ మీద జరిగినవి

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను అండగా తెచ్చుకొని బొబ్బిలి కోటను కూల్చాడు. తరువాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో తానూ హతమయ్యాడు. ఆయన వారసుడు ఆనంద గజపతి ఈసారి ఫ్రెంచివారిని వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి సేనతో వచ్చి 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. సైన్యం ఖర్చు రాజు భరించాలన్నది ఒప్పందం. డబ్బు అందక సేన దారిలో ఆగిపోయింది. మచిలీపట్నం ముట్టడికి ముందు ఫోర్డ్ తెల్ల సైనికులే డబ్బు కోసం తిరగబడ్డారు. చివరికి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. సాయానికి వచ్చినవాడు మళ్లీ తిరిగి వెళ్లలేదు.

హైదరాబాద్ నిజాం కథ ఇంకా పెద్దది. ఫ్రెంచివాడైన రేమండ్ నిజాం దగ్గర పది వేలకు పైగా సిపాయిలతో ఒక సైన్యాన్ని తయారుచేశాడు. హైదరాబాద్‌లోని మూసారాంబాగ్‌కు ఆ పేరు అతడి వల్లే వచ్చింది. అతడు 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సంవత్సరమే సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారులను పంపేయాలి, వారి స్థానంలో కంపెనీ పటాలాలను ఉంచుకోవాలి, వాటి ఖర్చు కింద ఏటా సుమారు 24 లక్షల రూపాయలు చెల్లించాలి. రేమండ్ పెంచిన అంత పెద్ద సైన్యాన్ని అక్టోబర్‌లో యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. కారణం ఏమిటో తెలుసా? అప్పటికే సిపాయిలు జీతం బకాయిల కోసం తమ అధికారుల మీదే తిరగబడి ఉన్నారు.

రెండేళ్లకు, 1800లో, సైన్యం ఖర్చు కింద నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్త మండలాలు. ఈనాడు మనం రాయలసీమ అంటున్న నేలలో చాలా భాగం అలా చేతులు మారింది. ఒక్క యుద్ధంలోనూ ఓడకుండానే, సైన్యం కిరాయి కట్టలేక పోయిన భూమి అది.

తిలంగాలు

ఆ కంపెనీ సైన్యంలో తుపాకి మోసింది ఎవరు? మనవాళ్లే. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. తెలంగ దేశం నుంచి, దక్షిణాది నుంచి వచ్చినవాడని దాని అర్థం. 1857 తిరుగుబాటు నాటికి కూడా ఆ మాట వాడుకలో ఉంది. పొలం లేనివాడికి, కరువులో దారి తోచనివాడికి నెల జీతం పెద్ద ఆశ. మద్రాసు సైన్యంలో దళితులు కూడా చేరారు. తరువాతి కాలంలో 'వీరజాతులు' అనే సిద్ధాంతం పెట్టి వాళ్లకు అదే తలుపు మూశారు.

తిలంగా ఎప్పుడూ తల వంచుకొనే ఉన్నాడని అనుకోకండి. 1780 అక్టోబర్‌లో హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమని విశాఖపట్నంలోని సిపాయిలకు ఆజ్ఞ వచ్చింది. మేము వెళ్లం అని వాళ్లు తిరగబడ్డారు. ఆ గొడవలో ఇంగ్లీషు అధికారులు కొందరు చనిపోయారు. 1857 కంటే 77 ఏళ్ల ముందు మాట ఇది.

చట్టం ఏమంటుంది?

జీతం తీసుకున్న ప్రతి సైనికుడూ కిరాయి సైనికుడు కాడు. మన దేశ సైన్యంలో చేరిన జవాను జీతం తీసుకుంటాడు, కాని అతడు రాజ్యాంగానికి కట్టుబడి ప్రమాణం చేస్తాడు. అతడు గాయపడితే, చనిపోతే బాధ్యత దేశానిది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి ప్రోటోకాల్ 47వ అధికరణలో కిరాయి సైనికుడికి నిర్వచనం ఉంది. యుద్ధం చేస్తున్న దేశాల పౌరుడు కాకూడదు, ఆ దేశ సైన్యంలో సభ్యుడు కాకూడదు, ముఖ్యంగా సొంత లాభం కోసం యుద్ధంలో పాల్గొనాలి. ఇలాంటి షరతులు అన్నీ కలిస్తేనే కిరాయి సైనికుడు అంటారు. అలాంటివాడు పట్టుబడితే యుద్ధ ఖైదీకి ఉండే హక్కులు అడగలేడు. 1989లో ఐక్యరాజ్యసమితి కిరాయి సైనికులను నిషేధిస్తూ మరో ఒప్పందం చేసింది. అది 2001లో అమలులోకి వచ్చింది.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. పరాయి దేశ సైన్యమే ఒక మనిషిని కాగితం మీద సంతకం పెట్టించుకొని చేర్చుకుంటే, నిర్వచనం ప్రకారం అతడు కిరాయి సైనికుడు కాడు, ఆ దేశ సైనికుడే. అంటే సంతకం అయిపోయాక వెనక్కి రావడం అతడి ఇష్టం కాదు. ఆ దేశ సైనిక చట్టం అతడికి వర్తిస్తుంది.

నేటి యుద్ధం

ఈనాడు కిరాయి సైన్యాలు కంపెనీల పేరుతో నడుస్తున్నాయి. 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో అమెరికా కంపెనీ బ్లాక్‌వాటర్ గార్డుల కాల్పుల్లో 17 మంది ఇరాకీ పౌరులు చనిపోయారు. రష్యాలో 2014లో పుట్టిన వాగ్నర్ ముఠా, ఉక్రెయిన్ యుద్ధంలో జైళ్లలోని ఖైదీలను కూడా చేర్చుకుంది. ఆరు నెలలు పోరాడితే క్షమాభిక్ష అన్నది వాళ్లకు చూపిన ఆశ. 2023 జూన్‌లో అదే వాగ్నర్ తన ప్రభుత్వం మీద తిరగబడి మాస్కో వైపు కదిలింది. ఒక్క రోజులో ఆ తిరుగుబాటు ఆగింది. రెండు నెలలకు దాని అధిపతి ప్రిగోజిన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. రేమండ్ సిపాయిల కాలం నుంచి ఇప్పటి దాకా కిరాయి తుపాకి గుణం మారలేదు.

మారింది యుద్ధభూమి. పూర్వం యుద్ధభూమికి హద్దు ఉండేది. ముందు వరుసలో ఉన్నవాడు పోరాడేవాడు, వెనుక ఉన్నవాడు వంట చేసేవాడు, మూటలు మోసేవాడు. ఇప్పుడు ఆకాశంలో డ్రోన్ కన్ను ఉంది. కందకం తవ్వేవాడూ, మందుగుండు మోసేవాడూ, లారీ నడిపేవాడూ దానికి ఒక్కటే. అందుకే 'నువ్వు పోరాడక్కర్లేదు, సహాయకుడివి మాత్రమే' అనే మాటకు ఈ యుద్ధంలో అర్థం లేదు.

ఆ మాట నమ్మి మన దేశపు యువకులు రష్యా వెళ్లారు. యూట్యూబ్ వీడియోల ద్వారా, స్థానిక ఏజెంట్ల ద్వారా మంచి జీతం ఆశ చూపించి తీసుకెళ్లారు. అక్కడ శిక్షణ ఇచ్చి యుద్ధరంగానికి పంపారు. 2024 ఫిబ్రవరిలో గుజరాత్ యువకుడు ఒకరు, ఆ తరువాత హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయిన వార్తలు వచ్చాయి. మార్చిలో సీబీఐ కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. 2025 జనవరి 17న విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: రష్యా సైన్యంలో చేరినట్లు తెలిసిన భారతీయులు 126 మంది. తిరిగి వచ్చినవారు 96 మంది. చనిపోయినవారు 12 మంది. మిగిలిన 18 మందిలో 16 మంది ఆచూకీ లేదు.

తమ్ముళ్లూ, ఇది మన మాట

మనలో చాలామందికి పొలం లేదు. చదువు అయ్యాక ఇంటి అప్పు తీర్చాలి, చెల్లి పెళ్లి చేయాలి. బయటి దేశంలో లక్ష రూపాయల జీతం అంటే ఎవరికి ఆశ పుట్టదు? ఆశపడటం తప్పు కాదు. గల్ఫ్‌కు వెళ్లి ఇల్లు నిలబెట్టినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు వలస తనిఖీ అవసరం లేదు. మన చదువు ఇచ్చిన సౌకర్యం అది. కాని దాని అర్థం, మన ఒప్పందాన్ని ఏ అధికారీ చదివి చూడడు, మనమే చదవాలి అని.

సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లోని లైసెన్సుదారుల జాబితాలో ఉందా? ఇచ్చేది ఉద్యోగ వీసానా, టూరిస్టు వీసానా? కాగితం మనకు చదవడానికి వచ్చిన భాషలో ఉందా? జీతం ఇచ్చేది ఏ సంస్థ, పని చేయాల్సింది ఏ ఊళ్లో? 'అక్కడికి వెళ్లాక తెలుస్తుంది' అని జవాబు వస్తే అక్కడితో ఆగిపోండి. ఇంట్లో అమ్మానాన్నలకు కాగితం నకలు ఇవ్వకుండా ఎవరూ విమానం ఎక్కవద్దు.

విశాఖ సిపాయిలు ఓడ దగ్గర నిలబడి ఎక్కం అన్నారు. వాళ్లకు చదువు లేదు, పాస్‌పోర్టు లేదు, పత్రిక లేదు. అయినా ఈ యుద్ధం మాది కాదని వాళ్లకు తెలిసింది. మనకు అవన్నీ ఉన్నాయి. వచ్చే కార్తీకంలో కారంపూడి వెళ్లినప్పుడు కన్నమదాసును తలచుకొని దండం పెట్టుకుందాం. ఆయన ఎవరి కోసం పోరాడాడో ఆయనకు తెలుసు. మనం ఎవరి కోసం చెమటోడుస్తున్నామో మనకూ తెలిసి ఉండాలి.