మేకు ఎరుగని మంచం

జంషెడ్‌పూర్ అనగానే మనకు స్ఫురించేది ఉక్కు. 1907లో స్థాపితమైన టాటా సంస్థ, సాక్చీ అనే పల్లెలో కర్మాగారం నిర్మించి, 1912లో తొలి ఉక్కుదిమ్మెను పోతపోసింది. 1919లో ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. అయితే ఈ ఉక్కునగరపు పొరుగునే, దల్మా కొండల చెంతనున్న సంతాల్ పల్లెలలో, ఇనుపమేకు అవసరమే లేని మంచం ఒకటి తరతరాలుగా ఉన్నది. సంతాలీ భాషలో దాని పేరు పర్కోమ్. మన నులకమంచానికి అది తోబుట్టువు.

నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. కోళ్ళలో రంధ్రాలు తొలిచి, పట్టెల కొనలను చెక్కి వాటిలో దిగగొడతారు. ఆ ప్రాంతపు అడవులలో విస్తారంగా పెరిగే సాలవృక్షం, అంటే మన గుగ్గిలం, ఇందుకు గట్టి కలప నిస్తుంది. ఇక అల్లిక. సబాయి గడ్డిని అరచేతుల మధ్య పురిపెట్టి తాడు పేనుతారు. కాగితపు మిల్లులకు ముడిసరుకైన గడ్డి ఇదే. అడవితీగల బెరడునుండి తీసిన నారకూడా తాళ్ళకు పనికివస్తుంది. వాటిలో ఒకటి మనకు చిరపరిచితమైన అడ్డతీగ. దాని ఆకులతోనే మనం విస్తళ్ళు కుడతాము. తూర్పు మన్యంలో అడ్డతీగల అనే ఊరి పేరులోనే ఆ తీగ ఉన్నది.

ఈ మంచపు రహస్యమంతా బిగువులో ఉన్నది. అల్లిన తాళ్ళు పట్టెలను లోపలికి లాగుతాయి. ఆ లాగుడుకు కీళ్ళు మరింత గట్టిపడతాయి. నులక సడలితే కాళ్ళవైపు తాడును మళ్ళీ బిగిస్తే చాలు. పట్టె విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. ఇంటికి వచ్చిన అతిథిని ముందుగా దీనిపై కూర్చుండబెట్టి, లోటాతో నీరందించడం సంతాలుల మర్యాద.

అడవిని ఆశ్రయించిన జనులు ఎక్కడైనా ఇటువంటి నేర్పే సాధించారు. కెనడా తూర్పుతీరపు మిక్‌మా జాతి స్త్రీలు భూర్జవృక్షపు బెరడుపై రంగుల ఏదుముళ్ళు పొదిగి తయారుచేసిన పలకలు, 19వ శతాబ్దంలో దొరల కుర్చీలకు అలంకారాలైనాయి.

నేడు నైలాను పట్టీలు, ఇనుపగొట్టాల మంచాలు పల్లెలకూ చేరాయి. అవి చౌకే కావచ్చు, తేలికే కావచ్చు. కాని గొట్టం విరిగితే దుకాణానికి పోవాలి; పర్కోమ్ సడలితే ఇంటివారి చేతులే చాలును. మంచం పోతే మరొకటి కొనుక్కోవచ్చు. తాడు పేనే చేయి మరచిన విద్యను ఏ అంగడిలో కొనగలము?