ఫ్యాన్ తిరగకపోతే మోటారు మార్చాల్సిందేనా?

కారు వేడెక్కుతోందంటూ వెళితే, చేయి తిరిగిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాడు: ఆగినప్పుడు వేడెక్కుతోందా, పోతున్నప్పుడా? సికింద్రాబాద్‌లో ఆ తేడా కనిపెట్టడానికి పెద్దగా తిరగనక్కర్లేదు. ప్యారడైజ్ నుంచి రాణీగంజ్ దాకా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకి, ఏసీ గాలి వెచ్చబడి, ట్యాంక్‌బండ్ ఎక్కి వేగం అందుకోగానే రెండూ సర్దుకున్నాయంటే అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. అలా కాక ఊళ్లో బాగానే ఉండి, అవుటర్ రింగురోడ్డు మీద వందలో వెళ్తుంటే వేడెక్కితే ఫ్యాన్‌ను తప్పుపట్టి లాభం లేదు. కూలెంట్ తగ్గిందో, వాటర్ పంపు పాడైందో, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లతో రేడియేటర్ పూడుకుపోయిందో చూసుకోవాలి.

ఈ తేడాకు మూలం గాలి. ఇంజిన్ చుట్టూ తిరిగొచ్చిన వేడి కూలెంట్ రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లోకి వస్తే, వాటి సందుల్లోంచి దూసుకుపోయే గాలి ఆ వేడిని లాక్కెళుతుంది. కారు పరుగెడుతుంటే ఆ గాలి ఎదురు వచ్చి తగులుతుంది. ఆగితే ఫ్యాన్ లాగాల్సిందే. చాలా కార్లలో కూలెంట్ 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి థర్మోస్టాట్ తెరుచుకుని దాన్ని రేడియేటర్‌లోకి వదులుతుంది. 95 డిగ్రీల ప్రాంతంలో ఫ్యాన్ మొదలై, కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే ఫ్యాన్ తిరగలేదని కంగారు పడక్కర్లేదన్నమాట.

అంబాసిడర్ కాలంలో ఈ లెక్కలేవీ లేవు. ఫ్యాన్ ఇంజిన్ ముందుభాగాన ఉండి బెల్టుతో తిరిగేది. ఇంజిన్ నడిచినంతసేపూ అదీ నడిచేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజిన్‌ను అడ్డంగా కూర్చోబెట్టారు. దాంతో బెల్టు ఉండే వైపు చక్రం పక్కకు పోయింది, ముందున్న రేడియేటర్ ఫ్యాన్‌కు కరెంటు మోటారు పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాతి చిన్న కార్లు దాదాపు అన్నిటిదీ ఇదే దారి. ఇప్పటి కారులో ఫ్యాన్ తిరగాలంటే సెన్సర్ వేడిని పసిగట్టాలి, ఈసీయూ అనే కంప్యూటర్ ఆదేశం ఇవ్వాలి, రిలే కలవాలి, ఫ్యూజు బాగుండాలి, చివరికి మోటారు లేవాలి. వీటిలో ఖరీదైనది మోటారు. చవకైనది ఫ్యూజు. ఇంట్లో వెతుకులాట చవకైన వైపు నుంచి మొదలుపెట్టడం మంచిది.

ముందు రెండు జాగ్రత్తలు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది. రెండోది, చాలా కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. చేతులు పెట్టేముందు తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి.

తొలి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం చూసుకుని, స్టార్ట్ చేసి, ఏసీ పూర్తిగా పెట్టాలి. ఏసీ కండెన్సర్‌కూ గాలి కావాలి కాబట్టి చాలా కార్లలో ఒకట్రెండు నిమిషాల్లో ఫ్యాన్ తిరగాలి. ఒకే ఫ్యాన్ ఉన్న కారులో ఏసీకి తిరిగి, ఏసీ లేనప్పుడు ఇంజిన్ వేడెక్కినా తిరగకపోతే మోటారు బాగున్నట్టే. లోపం సెన్సర్ వైపు ఉంది.

అసలే తిరగలేదా? ఇంజిన్ ఆపి ఫ్యూజు బాక్స్ తెరవాలి. ఏది ఎక్కడుందో మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది. కాలిన ఫ్యూజు స్థానంలో అన్నే ఆంపియర్లది పెట్టాలి. 30 ఉన్నచోట 40 పెడితే ఈసారి కాలేది వైరింగే. కొత్తదీ వెంటనే పోతే మోటారు జామ్ అయినట్టో, వైరు షార్టయినట్టో. పక్కనే నల్లటి చిన్న డబ్బీలా ఉండేది రిలే. లాగి తిప్పి చూస్తే అడుగున నాలుగు రేకులు, వాటి దగ్గర 30, 85, 86, 87 అంకెలు కనిపిస్తాయి. 85, 86లకు కాస్త కరెంటు అందగానే లోపలి తీగచుట్ట అయస్కాంతమై ‘టిక్’మంటుంది. అప్పుడు 30 నుంచి 87 మీదుగా అసలు కరెంటు మోటారుకు పోతుంది. ఆ రేకులు నల్లబడి, సాకెట్ ప్లాస్టిక్ కరిగి ఉంటే దొంగ దొరికినట్టే. అదే నంబరున్న హారన్ రిలే ఉంటే దాన్ని ఇక్కడ పెట్టి చూడొచ్చు.

రిలే టిక్‌మన్నా ఫ్యాన్ కదలకపోతే మోటారు ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. 12 వోల్టులు వస్తూ, ఎర్త్ కూడా సరిగా ఉంటే తప్పు మోటారుదే. చేతులు దూరంగా ఉంచి, పొడవాటి చెక్కపిడితో మోటారు వెనక తట్టగానే ఫ్యాన్ లేచిందంటే, మోటారులోకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయన్నమాట. మెకానిక్‌లు అనే ‘కార్బన్లు అరగడం’ ఇదే. కొన్నాళ్లు నడిచినా ఏదో ఒక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతూనే ఉండటం దీనికి తలకిందులు జబ్బు. రిలే రేకులు అతుక్కుపోయి ఉండొచ్చు. లేదా సెన్సర్ నుంచి కబురు అందక, ఎందుకైనా మంచిదని ఈసీయూనే ఫ్యాన్ వేసి ఉండొచ్చు. స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్‌లో బ్లూటూత్ రీడర్ పెడితే కూలెంట్ వేడి ఫోన్‌లో కనిపిస్తుంది. ముల్లు లేకుండా నీలం, ఎరుపు దీపాలతో సరిపెట్టిన కార్లకు ఇది మరీ పనికొస్తుంది. అదే రీడర్‌లో పీ0480 అనే లోపం కోడ్ వస్తే ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌ను, పీ0117 లేదా పీ0118 వస్తే కూలెంట్ సెన్సర్‌ను చూడాలి.

ఇంత వెతకడం దేనికని కొన్ని షెడ్లలో ఫ్యాన్‌ను ‘డైరెక్ట్’ చేసేస్తారు. తాళం తిప్పితే చాలు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ పూటకు గండం గడిచినా మోటారు త్వరగా అరుగుతుంది, అసలు లోపం కనిపించకుండా పోతుంది. ఫ్యూజు లేకుండా సన్న వైరు లాగితే మంటలకూ దారి తీయొచ్చు. దారిలో చిక్కుకున్నప్పుడు ఏసీ ఆపి, హీటర్‌ను, బ్లోయర్‌ను పూర్తిగా పెడితే ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వస్తుంది. ఎర్రదీపం వెలిగితే మాత్రం పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి.

లోపం తేలాక రాణీగంజ్ స్పేర్‌పార్టుల దుకాణాలకు పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లడం మేలు. ఒకే మోడల్‌లోనైనా పెట్రోల్ కారు ఫ్యాన్ వేరు, డీజిల్‌ది వేరు కావచ్చు. ప్లగ్ పిన్నులు, రిలే మీది నంబరు, బ్లేడ్ల వంపు కౌంటర్ దగ్గరే పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.