దోమపోటు – చేలోని కాపలావాళ్ళు



వరి పొట్టకు వచ్చి చేను కళకళలాడుతున్న రోజుల్లో, మడి మధ్య ఎక్కడో చాపంత మేర పైరు పసుపుబారుతుంది. నాలుగు రోజుల్లో ఎండి, గుండ్రంగా పడిపోతుంది. వారం తిరిగేసరికి ఆ చాపంత మేర కళ్ళమంత అవుతుంది. ఇదే దోమపోటు. సుడులు సుడులుగా ఎండబెడుతుంది గనుక ఈ పురుగును సుడిదోమ అని కూడా అంటారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీని దెబ్బ ఎరగని రైతు అరుదు.

దోమ అనగానే మన చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది. అసలు పోనే కూడదని నేను చెప్పటం లేదు. ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే ఇవాళ్టి మాట.

ముందుగా ఈ పురుగు బతుకు ఎట్లాంటిదో చూద్దాము. ఇది గోధుమరంగులో, బియ్యపు గింజలో సగముంటుంది. ఆకుల మీద వెతికితే దొరకదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. తల్లి పురుగు 200కు పైగా గుడ్లు పెట్టగలదు. అవన్నీ ఆకు తొడుగు లోపల దాచిపెడుతుంది. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. మరి రెండు వారాల్లో అవి పెద్దవవుతాయి. అంటే నెల తిరక్కుండానే ఒక తరం పూర్తి అవుతుందన్నమాట. పుట్టినవన్నీ బతికితే ఏ చేలోనూ గింజ ఇంటికి రాదు. వస్తున్నదంటే, వాటిని తినేవాళ్ళు చేలో ఉన్నారు గనుకనే.

ఎవరు వాళ్ళు? దుబ్బుల మధ్య నీటి మీద పరుగులు తీసే సాలీడు ఒకటి. అది గూడు అల్లదు, వేటాడుతుంది. రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. రెండవది ఆకుపచ్చని చిన్న నల్లి. దీనిని మిరిడ్ నల్లి అంటారు. ఆకు తొడుగులో దాగిన దోమ గుడ్లలోకి ముక్కు దించి పీల్చేస్తుంది. ఇవిగాక అక్షింతల పురుగులు, తూనీగలు ఉన్నాయి. గుడ్లలో తన గుడ్డు పెట్టి వాటిని చెడగొట్టే, కంటికి ఆనని కందిరీగ జాతి పురుగులూ ఉన్నాయి. వీళ్ళకు మనం కూలి ఇవ్వనక్కర లేదు. చంపకుండా ఉంటే చాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కౌలు రైతు, నాటిన నెలకు చేలో ఆకుముడత కనబడిందని పరుగున వచ్చాడు. ముడతలు కొద్దిగానే ఉన్నాయి. అయినా, ఊరుకోమంటే ఏమనుకుంటాడో అని, సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టమన్నాను. చేను శుభ్రపడింది, ఇద్దరమూ సంతోషించాము. పొట్ట దశకు వచ్చేసరికి ఆ చేనే సుడులు పడింది. గట్టు అవతలి చేను రైతు చేతిలో డబ్బు లేక మందు కొట్టలేదు. ఆయన చేలో దోమ లేకపోలేదు గాని, దుబ్బు దుబ్బుకూ సాలీళ్ళున్నాయి. కౌలు ధాన్యం కొలవటానికి కూడా నా మాట విన్న రైతుకు పంట చాలలేదు. “నువ్వు చెప్పిందే చేశాను గదా బాబూ” అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

జరిగిందేమిటి? మందుకు సాలీళ్ళు, నల్లులు చచ్చాయి. ఆకు తొడుగులోని దోమ గుడ్లు చావలేదు. అవి పొదిగేనాటికి కాపలా లేదు. పైగా, ఇట్లాంటి కొన్ని మందులు తగిలిన దోమ మరిన్ని గుడ్లు పెడుతుందని పరిశోధనల్లో తేలింది. ఇండోనేషియాలోనూ ఇదే జరిగింది. అక్కడ మందులు పెరిగినకొద్దీ దోమ పెరిగింది. చివరకు 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగు మందుల వాడకాన్ని నిషేధించి, చేను చూసి నిర్ణయించుకోవటం రైతులకు నేర్పింది.

మరి మనమేం చెయ్యాలి?

మొదటిది, దోమకు ఇల్లు కట్టకండి. గాలి, వెలుతురు లేని గుబురు దానికిష్టం. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరలుగా వదలండి. యూరియా ఒక్కసారే గుమ్మరించక, దఫాలుగా వెయ్యండి. ఎక్కువైతే పైరు మెత్తబడి దోమను పిలుస్తుంది. తట్టుకునే విజేత, కాటన్ దొర సన్నాలు వంటి రకాలు ఎంచుకోండి.

రెండవది, కలుపు. ఊద గడ్డి ఎరువును తినటమేగాక దుబ్బుల మధ్య గాలిని అడ్డుకుంటుంది. గింజ రాలకముందే పీకెయ్యండి. కాని గట్టు మీద పూచే మొక్కలన్నిటినీ గీకెయ్యకండి. మేలు చేసే పురుగులకు పూలలోని తేనె ఆహారం. గట్టున నాలుగు బంతి మొక్కలు, కాస్త నువ్వులు వేసినా మంచిదే.

మూడవది, లెక్క చూడండి. వారానికోసారి చేలో దిగి, అక్కడక్కడా 20 దుబ్బులు వంచి మొదట్లో చూడండి. పిలకకు ఒక దోమ చొప్పున ఉండి, సాలీళ్ళు లేకపోతే మందు అవసరమే. దుబ్బుకో సాలీడు ఉన్నట్లయితే పిలకకు రెండు దోమల దాకా ఆగవచ్చును. దోమ పెరుగుతున్నట్లు తోస్తే ముందు నీరు తీసి, రెండు మూడు రోజులు మడి ఆరబెట్టండి.

అప్పటికీ తగ్గకపోతే, బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మి.లీ. కలిపి, పాయలు తీసి దుబ్బు మొదళ్ళు తడిసేటట్లు కొట్టండి. ఇది పిల్ల పురుగులు కుబుసం విడవకుండా చేస్తుంది. మర్నాడే ఫలితం కనబడదు. కొద్ది రోజులు ఓపిక పట్టాలి. పైరిత్రాయిడ్ మందుల జోలికి మాత్రం పోవద్దు.

గ్రామాల్లో తిరిగే నా తోటి ఉద్యోగులకూ ఒక మాట. రైతు అడిగాడని మందు పేరు చెప్పటం సులువు. ఆయనతో మడిలో దిగి దుబ్బు వంచి చూడండి. ఆ తరువాతనే సలహా చెప్పండి. తప్పు సలహాకు మనకు పోయేదేమీ లేదు. ఆయనకు పోయేది ఏడాది తిండి.